ఏడు చుక్కలంత ఖాళీ

మా ఆయన ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య వదిలే ఖాళీలో నేను బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టేయగలను. పోలీసు వైర్‌లెస్‌లో పనిచేసి రిటైరైన మనిషి. పేరు దావీదురాజు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ టకటకా మోర్స్ చుక్కలూ గీతలూ కొట్టి కొట్టి నోటితో మాట్లాడే అలవాటు తప్పిపోయిందని నేను ఎగతాళి చేసేదాన్ని. దానికీ బదులు పలికేవాడు కాదు.

నేనేమో పూర్తిగా వేరు. నా పేరు ఏసుమణి, ఆలూరు ఆడబిడ్డను. మా ఆలూరు వైపు ఎండ ఎక్కువ, గాలి ఎక్కువ, చేనుకూ చేనుకూ మధ్య దూరం ఎక్కువ. గొంతెత్తి అరిస్తే తప్ప పక్క చేనులో కలుపు తీసేవాళ్ళకు వినపడదు. ఆ గొంతుతోనే కమలాపురం కాపురానికొచ్చాను. వచ్చిన మొదటి ఆదివారమే చర్చిలో అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఆ మరుసటి నెల నుంచి పాట అందించే పని నాదయింది.

పాట అందించడమంటే తెలియనివాళ్ళకు చెప్తాను. మాది పాత చర్చి. చాపల మీద ముందు కూర్చునే పెద్దవాళ్ళలో చాలామందికి చదువు రాదు. పాటల పుస్తకం చేతికిస్తే భక్తిగా ఒళ్ళో పెట్టుకుంటారు గాని తెరవరు. అందుకని ఒకరు నిలబడి, జనం ఒక వరస పాడి చివరి అక్షరాన్ని సాగదీస్తూ ఉండగానే, తర్వాతి వరసను గబగబా మాటల్లో చెప్పేయాలి. జనం దాన్ని అందుకొని పాడతారు. వాళ్ళు సాగదీయడం మొదలుపెట్టగానే మళ్ళీ ఇంకో వరస విసరాలి. కొంచెం ఆలస్యమైతే పాట చచ్చిపోతుందని నా నమ్మకం. ముప్పై ఏళ్ళు దాన్ని చావనివ్వలేదు నేను. ఎక్కడ ఖాళీ కనపడితే అక్కడ మాట పడేయడమే నా పని. చర్చిలో అయినా, కుళాయి దగ్గరైనా, ఇంట్లో అన్నం ముందరైనా.

పోయిన ఎండాకాలం గొంతు బొంగురుపోయింది. మిరియాల పాలు తాగాను, కరక్కాయ చప్పరించాను, తగ్గలేదు. కడపలో డాక్టరమ్మ సన్నని గొట్టం లోపలికి పెట్టి టీవీలో చూపించింది.

"గొంతులో కాయలు కాచినాయమ్మా. పార పట్టినోళ్ళకు అరచేతిలో కాస్తాయే, అట్లాంటివి. కొన్నాళ్ళు మాట పూర్తిగా బందు పెట్టాల. గుసగుసగా గూడా మాట్లాడొద్దు. నయమైనాక మెల్లగా మాట్లాడుకో గానీ, ఆ అరిచి పాట అందించే పని మాత్రం ఇంక వద్దు."

బస్సులో వస్తుంటే మా ఆయన కిటికీలోంచి చూస్తూ, "ఇల్లు శానా నిమ్మళంగా ఉంటాది ఇంక" అన్నాడు. ఏడాదికొక పరాచికమాడే మనిషి, ఆ ఏడాది వాటా ఆరోజు వాడుకున్నాడు. నేను గట్టిగా గిల్లాను. మాట్లాడొద్దంది గాని గిల్లొద్దనలేదు డాక్టరమ్మ.

ఫోనులో రాసి చూపించొచ్చు కదా అని మీరనొచ్చు. చూపించాను. ఆయన కళ్ళద్దాలు వెతుక్కొని, తుడుచుకొని, పెట్టుకొని చదివేసరికి నా కోపం చల్లారిపోయేది. చల్లారిన కోపం ఎవరి మీద చూపించాలి? రాయచోటిలో ఉన్న మా కూతురు స్తుతి, పిల్లలది పాత పలకొకటి పంపించింది. దాని మీద పెద్ద అక్షరాలతో రాయడం మొదలుపెట్టాను. అదీ తిట్లకు చాలేది కాదు, చిన్న పలక.

అన్నిటికన్నా కష్టమైంది ఆదివారం. నా స్థానంలో పాస్టరుగారి కోడలు నిస్సీ పాట అందిస్తోందని విన్నాను. విన్నాను అనే అంటున్నా, ఎందుకంటే నేను చూడలేదు. పాటలు అయిపోయాక, పాస్టరుగారు వాక్యం చెప్పడం మొదలుపెట్టే వేళకు వెళ్ళి చెప్పుల దగ్గర కూర్చొని వచ్చేదాన్ని. నేనొక మాట విసిరితే చర్చి నిండా జనం అందుకునేవాళ్ళు. ఇప్పుడు నా మాట అందుకునేవాళ్ళు ఒక్కరూ లేరు. దానికి నాకు ఏడుపొచ్చేది. దాచుకోవడమెందుకు, ఏడ్చాను కూడా.

మా ఆయనకు వసారాలో ఒక మూల రేడియో సెట్టుంది. ప్రభుత్వం వాళ్ళిచ్చిన లైసెన్సుంది, ఆయనకంటూ ఒక కాల్‌సైన్, అంటే గాల్లో పిలుచుకునే పేరు, ఉంది. రోజూ సాయంత్రం ఎండ వాలగానే అక్కడ కూర్చొని, ఆలూరులో మోటార్లకు రాగితీగ చుట్టే వీరభద్ర అనే అతనితో మోర్స్‌లో మాట్లాడతాడు. ఇన్నేళ్ళూ ఆ కూతలు నాకు మిక్సీ శబ్దంతో సమానం. నోరు మూతపడ్డాక చేసేదిలేక పక్కన కూర్చుని విన్నాను. వింటుంటే ఒక సంగతి తట్టింది. ఇద్దరు మగవాళ్ళు, ఒక్కరూ నోరు తెరవరు. అయినా మా ఆలూరులో వానపడిందో లేదో ఈయనకు తెలిసిపోతోంది.

పలక మీద రాశాను: "నాకూ నేర్పు."

ఆయన నన్నూ, పలకనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత లేచి పాత డబ్బాలోంచి మోర్స్ కొట్టే ఒక ఇత్తడి కీ, కూత పెట్టే చిన్న బజరు తీసి వంటింటి గట్టు మీద బిగించాడు. లైసెన్సు లేనివాళ్ళు గాల్లోకి పంపకూడదట, అందుకని ఇంట్లోనే వినపడే బజరు.

అక్షరాలు చకచకా వచ్చేశాయి. చుక్కకు ఎంతసేపో గీతకు దానికి మూడింతలు. అంతే, పాట తాళం వచ్చినదానికి అదొక లెక్కా? ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు మాటలు కొట్టొచ్చు, తిట్లూ కొట్టొచ్చు. నెల తిరక్కుండానే పలక మూలన పడేశాను. అప్పుడే మనసులో గట్టిగా అనుకున్నాను. నా పేరున నాకొక కాల్‌సైన్ కావాలి. పాట పోయింది, సరే. నా మాట మళ్ళీ దూరం పోవాలి, ఎవరో ఒకరు అందుకోవాలి. మోర్స్ రాకపోయినా ఇచ్చే లైసెన్సొకటి ఉందట గాని అది నోటితో మాట్లాడుకునేవాళ్ళకు. నాకు పనికొచ్చేదానికి పరీక్షలో మోర్స్ విని రాయాలి, కొట్టి వినిపించాలి.

వినడం వచ్చేసింది. కొట్టడం దగ్గరే వచ్చింది తంటా.

ఒకరోజు పొద్దున వంటింట్లోంచి కొట్టాను: టి, ఇ, ఎ. టీ తాగుతావా అని. జవాబు లేదు. మళ్ళీ కొట్టాను. ఆయన వసారాలోంచి వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు.

"ఎక్స్ అంటాండావు. ఎక్స్ అంటే ఏంది మణీ?"

మూడక్షరాలూ కలిసిపోయి ఒకే అక్షరమైందట. ఒక టీకే ఇంత రగడ. ఆయన నిదానంగా, చాలా నిదానంగా వివరించాడు. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఒక గీతంత సేపు ఆగాలి. మాటకూ మాటకూ మధ్య ఏడు చుక్కలంత సేపు ఆగాలి.

"చుక్కా గీతా ఎవురైనా కొడతారు. ఖాళీ గూడా కొట్టాల."

ఖాళీని ఎట్లా కొడతారో నాకర్థం కాలేదు. లెక్కపెట్టుకొమ్మన్నాడు. ఏడు లెక్కపెట్టాను, అదీ రైలు దాటిపోతున్నంత వేగంగా. నా చెయ్యి ఆగదు. ఆగితే పాట చచ్చిపోతుందన్న భయం వేళ్ళలోకి కూడా దిగిపోయినట్టుంది. మా ఆయన నేను కొట్టింది ఫోనులో రికార్డు చేసి వీరభద్రకు పంపాడు. అతని జవాబు నాకు వినిపించకుండా దాచబోయాడు గాని లాక్కొని విన్నాను.

"దావీదన్నా, అక్క కొడతాంటే పెనంలో శెనిక్కాయలు వేపినట్టుండాది. వాసన బాగుండాది గానీ మాట తెలీలే."

అతనితో నాలుగు రోజులు కోపంగా ఉన్నాను. అతనికా సంగతి తెలియలేదు, నాకు మాట లేదు కదా.

అయినా పరీక్షకు కట్టాను. కడపలో రైలెక్కి హైదరాబాదు వెళ్ళాం. రాత పరీక్ష బాగానే రాశాను. మోర్స్ విని ఒక్క తప్పు లేకుండా రాశాను. కీ ముందు కూర్చోబెట్టారు. కొట్టాను. పరీక్ష పెట్టినాయన మర్యాదస్తుడు. హెడ్‌ఫోను తీసి, "అమ్మా, అక్షరాలన్నీ వచ్చు మీకు. కానీ ఏ మాట ఎక్కడ ముగిసిందో నాకు తెలియడం లేదు. ఇంకొంచెం సాధన చేసి రండి" అన్నాడు.

తిరుగు రైల్లో ఏడ్చాను. గొంతు వాడకుండా ఏడవడం ఎంత కష్టమో ఏడ్చినవాళ్ళకే తెలుస్తుంది. డోన్‌లో మా ఆయన దిగి మళ్ళీ ఎక్కాడు. రైలు కదిలాక ఉడకబెట్టిన శెనిక్కాయల పొట్లం నా ఒళ్ళో పెట్టి, "మళ్ళా పోదాంలే" అన్నాడు. శెనిక్కాయలు చూడగానే వీరభద్ర గుర్తొచ్చి ఇంకా ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చాక కీ ముట్టుకోలేదు. గట్టు మీద దానిపైన గిన్నె బోర్లించాను.

ఆ వారమే సంస్కారపు ఆదివారం. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు ఆలస్యంగా పోకూడదు. మొదటి గంటకే వెళ్ళక తప్పలేదు. ముందు నా చోట నిస్సీ నిలబడి ఉంది. దగ్గరికి పోవాలనిపించలేదు. వెనక్కి వెళ్ళి, ఆడవాళ్ళ వైపు చివరి చాప మీద గోడకానుకుని కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఆ గోడ దగ్గర కూర్చోవడం అదే మొదలు. నడవకు అటువైపు మగవాళ్ళ వరసలో చివర మా ఆయన, ఎప్పుడూ కూర్చునే చోటే అనుకుంటా, కళ్ళు మూసుకొని కూర్చున్నాడు.

పాట మొదలైంది. జనం మొదటి వరస పాడి చివరి అక్షరం సాగదీశారు. నిస్సీ అందించలేదు. ఇంకా అందించలేదు. చెప్పవే పిల్లా, పాట పడిపోతోంది అని లోపల్లోపల గింజుకుంటున్నాను. ఆ పిల్ల నింపాదిగా నిలబడి, జనం సాగదీయడం పూర్తయ్యేదాకా ఆగింది.

ఆ ఆగిన చోట నాకొక గొంతు వినపడింది.

అందరూ ముగించాక కూడా ఒక మగ గొంతు ఆ చివరి అక్షరాన్ని ఇంకాస్త పట్టుకొని ఉంది. లోతైన గొంతు. ఎక్కడా వణుకు లేదు, తొందర లేదు. బావిలోకి చేద దించినట్టు మెల్లగా దిగి ఆగింది. ఎవరబ్బా ఇంత బాగా పాడేది అని తల తిప్పాను. మా ఆయన.

రెండో వరస. మళ్ళీ నిస్సీ ఆగింది. మళ్ళీ అదే గొంతు. ముప్పై ఏళ్ళు ఒకే కప్పు కింద పడుకొని లేచాను, ఈ మనిషి పాడతాడని నాకు తెలియదు. ఆయన గొంతు వినపడే చోటల్లా నేను తర్వాతి వరస అరుస్తూ వచ్చాను మరి. కళ్ళనుంచి నీళ్ళు కారిపోతున్నాయి. పక్కనున్న రామలక్ష్మమ్మ చూసింది. బాప్తిస్మం తీసుకున్నా పేరు మార్చుకోని పాతకాలం ముసలమ్మ. నా చోటు పోయిందని ఏడుస్తున్నాననుకొని నా మోకాలి మీద చెయ్యేసింది.

"కోపం చేసుకోవాకు మణీ. నీ అంత గొంతు ఎవురికీ రాదు. కానీ ఈ పిల్ల అందిస్తాంటే నాకు ఊపిరి తీసుకోను పొద్దు దొరుకుతాంది."

గొంతున్న రోజుల్లోనైతే ఆ మాటకు నేను ఆమెతో వారం మాట్లాడేదాన్ని కాదు. ఆరోజు మాత్రం ఆమె చెయ్యి పట్టుకొని కూర్చున్నాను.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే పలక తీశాను: "ఎప్పట్నుంచి పాడుతున్నావు?"

"మొదట్నుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

ఆయన చొక్కా వంకీకి తగిలించాడు. మంచినీళ్ళు తాగాడు. నేను కాచుకున్నాను. కాచుకోవడం కొంచెం కొంచెం చేతనవుతోంది అప్పటికే.

"పాడేదాని గురించి చెప్పేదేముండాది? నువ్వు పాట అందిస్తాంటివి. నేను అందుకుంటాంటిని. అంతే గదా."

నా మాట అందుకునేవాళ్ళు ఒక్కరూ లేరని ఏడ్చినదాన్ని నేను. గోడ దగ్గర కూర్చొని, నేను విసిరిన ప్రతి మాటనూ చివరిదాకా పట్టుకున్న మనిషి ఇంట్లోనే ఉన్నాడు. వెంటనే వంటింట్లోకి పోయి కీ మీద గిన్నె తీసేశాను. ఆయన చెయ్యి పట్టి లాక్కొచ్చి గట్టు పక్కన పీట మీద కూర్చోబెట్టి పలక మీద రాశాను: "పాడు."

"ఈడనా?"

తలూపాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. వీధి తలుపు మూసొచ్చాడు. అప్పుడు పాడాడు. నేను ఒక మాట కొట్టేదాన్ని. ఆయన పాటలోని ఒక వరస చివరి అక్షరాన్ని అందుకొని సాగదీసేవాడు. ఆ గొంతు ఆగేదాకా నా చెయ్యి లేచేది కాదు. లేవాలనిపించేది కాదు. ఆగాక ఇంకో మాట. మొదట్లో ఆయన మరీ సాగదీసి, ఒక్కో ఖాళీలో పాలు పొంగిపోయేవి. మెల్లగా ఇద్దరం కుదించుకుంటూ వచ్చి ఏడు చుక్కల దగ్గర కుదిరాం. కొన్నాళ్ళకు ఆయన పాడకపోయినా నాకు లోపల వినపడేది. అక్షరాల మధ్య ఖాళీ దానంతటదే సర్దుకుంది.

ఇంకొకటి కూడా తెలిసొచ్చింది. ఖాళీ అంటే ఏమీ లేని చోటు కాదు. అవతలి మనిషి నా మాట రాసుకుంటున్న చోటు. రామలక్ష్మమ్మ ఊపిరి తీసుకునే చోటు. నేను ఆ చోటులో కూడా కాపురం పెట్టేస్తే ఎట్లా?

మళ్ళీ హైదరాబాదు వెళ్ళాం. అదే గది, అదే కీ. పరీక్ష పెట్టినాయన హెడ్‌ఫోను పెట్టుకున్నాడు. నేను మాటకూ మాటకూ మధ్య మా ఆయన్ను మనసులో పాడించుకుంటూ కొట్టాను. మధ్యలో కళ్ళెత్తి చూస్తే ఆ పెద్దమనిషి పెన్సిలు తాపీగా కదులుతోంది. ముగించాక ఆయన, "ఎవరమ్మా మీకు నేర్పింది?" అన్నాడు. గొంతు అప్పటికి కొంచెం వాడొచ్చంది డాక్టరమ్మ. "బయట బెంచీ మీద కూర్చొని ఉండాడు సార్" అన్నాను మెల్లగా.

పాసయ్యాను. కాల్‌సైన్ రావడానికి మాత్రం ప్రభుత్వం తన వేగంతోనే నడిచింది. చింతకాయలు పండి, కొట్టి, గింజలు తీసేదాకా ఆగాను. ఆగడం నేర్చుకున్నదాన్ని కాబట్టి రోజుకొక్కసారే మా ఆయన్ను అడిగాను.

ఈలోగా పాస్టరుగారు ఇంటికొచ్చారు. గొంతు బాగుపడింది కదా, కొత్త మైకు కూడా పెట్టించాం, అరవాల్సిన పనిలేదు, మళ్ళీ పాట అందించమ్మా అన్నారు. ఒకప్పుడైతే ఆయన గుమ్మం దిగకముందే ఒప్పుకునేదాన్ని.

"నిస్సీ బాగా అందిస్తాంది గదయ్యా. నేను ఎనకాల గోడ కాడ కూచ్చుంటా" అన్నాను.

ఆయన నమ్మలేనట్టు చూసి, నాకు ఒంట్లో బాగుందా అని మా ఆయన్ను అడిగారు. నాకు ఆ గోడ దగ్గర ఎంత బాగుంటుందో పాస్టరుగారికి చెప్పినా అర్థం కాదు. ఆదివారం ఎప్పుడొస్తుందా అని కాచుకుంటున్నాను ఇప్పుడు.

కాల్‌సైన్ వచ్చిన సాయంత్రం ఎండ వాలుతుంటే వసారాలో కుర్చీ మా ఆయన నాకిచ్చాడు. తను పక్కన పీట మీద కూర్చున్నాడు. చెయ్యి పైట కొంగుతో తుడుచుకొని కీ మీద పెట్టాను. ముందు వీరభద్ర కాల్‌సైన్, తర్వాత నాది. నా సొంతది. కొట్టి ఆగాను. ఆలూరు నుంచి జవాబు వచ్చింది, మా ఊరి నుంచి, గాలిలో.

వానలు, మోటార్లు, వాళ్ళావిడ మోకాలి నొప్పి అన్నీ అయ్యాక వీరభద్ర పంపాడు: "అక్కా, శెనిక్కాయలు యాడికి పోయినాయి? ప్రతి మాటా తెలుస్తాంది. ఖాళీలు శానా బాగుండాయి. ఎవురు నేర్పిరి?"

నేను కొట్టాను: "దావీదన్న పాట."

అటువైపు నుంచి వెంటనే వచ్చింది: "దావీదన్న పాడతాడా?"

మా ఆయన చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. నేను ఆ చేతిని పక్కకు నెట్టి కొట్టాను. "శానా బాగా. ఆదివారం రా. ఎనకాల గోడ కాడ కూచ్చో."

కొట్టి, ఆగాను. వీరభద్ర రాసుకోవాలి కదా.